గీకిన నాచు వారానికే మళ్ళీ వస్తుంటే: డెల్టాలో రీఫ్ ట్యాంకు పెట్టుకున్నవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

మా భీమవరంలో ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకు ఉందని చెబితే చాలు, ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "కౌంట్ ఎంతొచ్చిందండి?" అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. రొయ్యలు కావండీ, పగడాలు అంటే ఓసారి ఎగాదిగా చూసి, "మరి వాటిని ఏం చేసుకుంటారు?" అంటారు. ఏం చేసుకుంటామో నాకూ సరిగ్గా తెలీదు కానీ, మొదటి ఏడాదిన్నరలో నేను పెంచింది మాత్రం పగడాలకంటే ఎక్కువగా నాచునే. ఆదివారం కూర్చుని టూత్‌బ్రష్‌తో రాళ్ళన్నీ గీకేవాణ్ణి. బుధవారానికి పచ్చటి నూగు, తర్వాతి ఆదివారానికి మళ్ళీ అరంగుళం దారాలు. సీసాల్లో మందులు కొన్నాను, లైటు తగ్గించాను, పెంచాను, మళ్ళీ తగ్గించాను.

ఆకివీడు దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేసే మా బాబాయ్ ఓ రోజు భోజనానికి వచ్చి, ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను చేపలకి మేత వేస్తుంటే చూసి, "ఏరా, చెక్‌ట్రే పెట్టావా?" అన్నాడు. మేత మిగిలిందేమో చూడ్డానికి చెరువు అడుగున పెట్టే పళ్ళెం అది. నవ్వాను. "నవ్వుతావేంట్రా. తిన్నదెంతో మిగిలిందెంతో చూసుకోకుండా మేతేస్తే చెరువైనా గాజుపెట్టైనా ఒకటే" అన్నాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. సగం రోగం అక్కడే దొరికింది. మిగతా సగం రాళ్ళలో ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ నా 200 లీటర్ల ట్యాంకువి. అందులో ఉన్నవన్నీ సాఫ్ట్ కోరల్సే, రాతి గూడు కట్టని మెత్తటి పగడాలు: జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, ఓ లెదర్ కోరల్. మన సముద్రాల్లోని రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి, ఎవరైనా సముద్రంలోంచి తెచ్చిస్తామన్నా చెయ్యి చాపకండి.

ముందు దాని పేరు తెలుసుకోండి

"నాచు పట్టింది" అని అందరం ఒకే మాట అంటాం. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని పెంచుతుంది. అందుకని ఏ పని మొదలెట్టే ముందైనా ఒక తెల్లటి గిన్నెలో కాస్త నాచు తీసుకుని పగటి వెలుతురులో చూడండి.

గోధుమరంగు పొడిలా గాజు మీద, ఇసుక మీద పేరుకుని వేలితో తుడిస్తే పోయేది డయాటమ్. కొత్త ట్యాంకులో మొదటి రెండు నెలలు ఇది మామూలే, వదిలేయండి, పోతుంది. ఏడాది దాటిన ట్యాంకులో వచ్చిందంటే మీ నీళ్ళ ఫిల్టర్‌లోంచి, డయాటమ్ పెరగడానికి వాడుకునే సిలికేట్ దాటుతోందన్నమాట. పొడవాటి మెత్తని పచ్చ దారాలు, లాగితే తెగివచ్చేవి హెయిర్ ఆల్గే. దాదాపు అలాగే ఉండి, భూతద్దంలో చూస్తే మధ్య ఈనె, రెండు పక్కలా రెమ్మలతో బుల్లి కొబ్బరాకులా కనిపించేది బ్రయాప్సిస్. ఇది మొండిది. పచ్చటి గోళీల్లా మెరిసేవి వెలోనియా, బబుల్ ఆల్గే. గులాబీ, ఊదా రంగుల్లో సున్నంలా రాళ్ళకి అతుక్కునేది కోరలైన్. అది మన మనిషే, గీకకండి.

ఇక మిగిలినవి రెండు, జనం ఎక్కువగా పొరబడేది వీటి దగ్గరే. ముదురు ఎరుపు జిగురు దుప్పటిలా ఇసుక మీద పరుచుకుని, పైపుతో పీలిస్తే పొరలు పొరలుగా ఊడివచ్చేది సయనోబాక్టీరియా. పేరులో ఉన్నట్టే అది బాక్టీరియా, నాచు కాదు. చీమిడిలా తీగలు సాగి, చివర్లలో గాలిబుడగలు పట్టుకుని, పొద్దున్నే పల్చగా ఉండి మధ్యాహ్నానికి దట్టమయ్యేది డైనోఫ్లాజెల్లేట్, డైనో. నత్తలు కారణం లేకుండా చచ్చిపోతుంటే అనుమానం దీని మీదే.

డైనోలని పట్టడానికి ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఉంది. ఆ చీమిడిని ట్యాంకు నీళ్ళతోపాటు చిన్న సీసాలో పోసి బాగా గిలక్కొట్టండి. టిష్యూ కాగితంలో వడకట్టి, ఆ నీళ్ళని లైటు కింద ఓ గంట ఉంచండి. మళ్ళీ తీగలుగా ముద్ద కట్టిందా, డైనోలే. ఇంకా నమ్మకం కావాలంటే మనకున్నంత సదుపాయం హైదరాబాదులో వాళ్ళకి కూడా లేదు. డెల్టాలో ఏ ఊరి మెయిన్ రోడ్డు మీదైనా ఓ ఆక్వా ల్యాబ్ ఉంటుంది, అందులో ఓ మైక్రోస్కోప్ ఉంటుంది. నేను సీసా పట్టుకెళితే ల్యాబ్ కుర్రాడు చూసి, "ఆయ్, ఇవి ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతున్నాయండి. మన చెరువుల్లో ఇలాంటివి చూళ్ళేదండి" అన్నాడు. కన్నీటి చుక్క ఆకారంలో ఉండి, మొన దగ్గర కట్టేసినట్టు తిరిగితే ఆస్ట్రియాప్సిస్. ఈ రకం గురించి తర్వాత చెబుతాను.

అంకెలు, వాటిని చదవడం

నేను పట్టుకుని ఉండే అంకెలివి: ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), వేడి 25 నుంచి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారగుణం) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం. నైట్రేట్, ఫాస్ఫేట్ నాచుకి ఎరువు కాబట్టి రెండూ సున్నా కావాలని మొదట్లో అందరం పరుగెడతాం. సున్నా మంచి అంకె కాదు. పగడాలకీ తిండి కావాలి. పైగా ఆ ఖాళీలోనే డైనోలు దిగుతాయి.

ల్యాబ్‌లో ఆల్కలినిటీ పరీక్ష చేయించుకుంటే చీటీ మీద 150 అనో 160 అనో పీపీఎంలలో రాసిస్తారు. దాన్ని 17.86తో భాగిస్తే మన డీకేహెచ్ వస్తుంది. 150 అంటే 8.4. ఫాస్ఫేట్‌కి మాత్రం చెరువుల కిట్లు పనికిరావు. మనకి కావాల్సిన 0.05కీ 0.1కీ తేడా వాటి రంగులో తెలీదు. తక్కువ స్థాయిలో చదివే డిజిటల్ చెకర్ ఒకటి కొనుక్కోండి. రీఫ్ సామాన్లలో డబ్బు దండగ కాదని నేను గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే. కొన్ని చెకర్లు ఫాస్ఫేట్‌ని కాకుండా ఫాస్పరస్‌ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తాయి. అలాంటిదైతే వచ్చిన అంకెని 3.07తో గుణించి వెయ్యితో భాగించాలి. 30 చూపిస్తే 0.09 పీపీఎం అన్నమాట.

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని రైతులు మంచినీళ్ళతో సున్నా చేసి వాడతారు. చెరువుకి అది చాలు. మనం మాత్రం 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోవాలి.

ఇక అసలు చిక్కు. రాళ్ళ నిండా నాచు ఉంటుంది, కిట్ మాత్రం నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అంటుంది. "నా నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, మరి నాచెందుకు?" అని నేనూ అడిగాను. కిట్ కొలిచేది నీళ్ళలో మిగిలినదాన్ని. నాచు తినేసినదాన్ని కిట్ చూపించదు. పంట ఏపుగా ఉన్న చేలో మట్టి తీసి "యూరియా కనబడ్డంలేదే" అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. సున్నా చూపిస్తూ నాచు పెరుగుతోందంటే, వచ్చింది వచ్చినట్టు దాని నోట్లోకే పోతోంది. ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవాలి. అది లోపలికొచ్చే తలుపులు మూడు.

మొదటి తలుపు: మేత

సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడికి వడ్డించినట్టు చేపలకి మేత వేయడం మన జిల్లాల జబ్బు. లెక్క చూడండి. నా మేత డబ్బా మీద ప్రోటీన్ 45 శాతం అని ఉంది. ప్రోటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం. అంటే ఒక గ్రాము మేతలో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్. అదంతా చివరికి నైట్రేట్ అయితే దాదాపు 320 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో 1.6 పీపీఎం. ఇక ఫాస్పరస్ ఒక్క శాతమే ఉందనుకోండి, 10 మిల్లీగ్రాములు. ఫాస్ఫేట్ లెక్కలో 30 మిల్లీగ్రాములు, నీళ్ళలో 0.15 పీపీఎం.

ఒక్క గ్రాము మేత, ఒక్క రోజు. మనం ట్యాంకులో ఉంచుకోవాలనుకునే ఫాస్ఫేట్ మొత్తం కంటే ఎక్కువ. చేపలు కొంత ఒంటికి పట్టించుకుంటాయి, నురగతో మురికి తీసే స్కిమ్మర్ కొంత లాగుతుంది, నిజమే. కానీ నేను వేసేది ఒక గ్రాము కాదు. వంటింట్లో బంగారం తూచేలాంటి చిన్న తక్కెడ మీద పెట్టి చూస్తే పూటకి గ్రాముంపావు, రోజుకి రెండు పూటలు. నాలుగు చిన్న చేపలకి.

ఇప్పుడు చేసేదిది. వారానికి సరిపడా మేత ఆదివారం తూచి ఏడు చిన్న డబ్బాల్లో పెడతాను. రోజుకి అర గ్రాము. ఆ డబ్బా ఖాళీ అయిందంటే ఆ రోజుకి అంతే, ఇంట్లో పిల్లలు ఎంత బతిమాలినా సరే. చిటికెడు వేసి, రెండు నిమిషాల్లో తినేస్తే ఇంకో చిటికెడు. వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళు తిప్పే పంపు) ఆపి వేస్తే మేత రాళ్ళ వెనక్కి కొట్టుకుపోదు, కానీ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోవద్దు, నేను ఓసారి మర్చిపోయాను. బాబాయ్ మాట మీద గౌరవంతో ఒక చిన్న గాజుపళ్ళెం కూడా అడుగున పెట్టాను. అరగంట తర్వాత అందులో ఏమైనా కనబడితే మర్నాడు తగ్గిస్తాను. గడ్డకట్టిన మేత వాడేవాళ్ళు దాన్ని ఆర్‌ఓ నీళ్ళలో కరిగించి, వలలో వడకట్టి, ఆ నీళ్ళు పారబోసి వేయండి.

నీళ్ళు మార్చడం మీద పెట్టుకున్న ఆశ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నైట్రేట్ 40 ఉంది, 20 శాతం నీళ్ళు మార్చారు. 32 అయింది. రోజుకి 1 చొప్పున చేరుతుంటే వారానికి 39. ఉప్పు ఖర్చు తప్ప కదిలింది ఏమీ లేదు.

రెండో తలుపు: నీళ్ళు

మన ఊళ్ళ మంచినీళ్ళన్నీ ధవళేశ్వరం దగ్గర బయల్దేరి కాలువల్లో ఊళ్ళు, చేలు, చెరువుగట్లు అన్నీ ఒరుసుకుంటూ వచ్చినవే. వరదల్లో ఎర్రనీరు దిగితే సెడిమెంట్ ఫిల్టర్ రెండు వారాలకే ఇటుక రంగుకి తిరుగుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు పంపుల్లో వచ్చేది చెరువులో నిలవున్న నీరు. బోరు నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు. వీటిలో దేనినీ నేరుగా వాడకూడదు.

తాగే నీళ్ళ ఆర్‌ఓ ఉందిగా అంటారు. చాలావాటిలో రుచి కోసం మినరల్ కాట్రిడ్జో, కాస్త పచ్చినీళ్ళు కలిపే వాల్వో ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళదీ అదే కథ. మనకి కావాల్సింది ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టే డీఐ రెజిన్ దాటి, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ మీద సున్నా చూపించే నీళ్ళు. ఇందులోనూ ఓ మెలిక ఉంది. రెజిన్ అరిగిపోయేటప్పుడు ముందుగా వదిలేసేది సిలికేట్‌నే, దాన్ని టీడీఎస్ మీటర్ సరిగ్గా పట్టదు. మీటర్ 0 నుంచి 1కి వచ్చేసరికే గాజు మీద గోధుమరంగు పొడి మొదలవుతుంది. అందుకే నేను రంగు మారే రెజిన్ వాడి, మూడొంతులు రంగు మారగానే మార్చేస్తాను.

సముద్రం పక్కనే ఉందిగా, పేరుపాలెం వెళ్ళి క్యాన్లు నింపుకొస్తే పోలేదా అని నేనూ ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఆగస్టులో. రిఫ్రాక్టోమీటర్ 20 కూడా చూపించలేదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తోంది, వరద రోజుల్లో ఆ తీరమంతా సగం గోదారే. ఉప్పు కలిపి సరిచేయొచ్చు, కానీ ఆ నీళ్ళతో వచ్చిన ఒండ్రునీ ఎరువునీ ఏం చేస్తాం? రీఫ్ ఉప్పు కొని లీటరుకి సుమారు 37, 38 గ్రాములు కలుపుకోవడమే సుఖం.

మూడో తలుపు: రాళ్ళు

నాకు ఆర్నెల్లు అర్థం కానిది ఇదే. మేత తగ్గించాను, నీళ్ళు సున్నా చేశాను. ఫాస్ఫేట్ 0.2 దగ్గర కూర్చుంది. ఫాస్ఫేట్‌ని పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, జీఎఫ్‌ఓ అంటారు, అవి వేస్తే రెండు రోజుల్లో 0.05కి దిగేది. తీసేస్తే వారంలో మళ్ళీ 0.2.

రీఫ్ రాయి అంటే కాల్షియం కార్బొనేట్. నీళ్ళలో ఫాస్ఫేట్ ఎక్కువున్నప్పుడు అది రాయి ఉపరితలానికి, లోపలి సందుల్లోకి అతుక్కుంటుంది. నీళ్ళలో తగ్గగానే రాయి వదలడం మొదలెడుతుంది. ఏడాదిన్నర పాటు నేను వేసిన మేతంతా ఆ రాళ్ళలో బ్యాంకు డిపాజిట్‌లా దాగుంది. నాచు వేళ్ళూనేది కూడా ఆ రాయి మీదే కాబట్టి నీళ్ళలోకి రాకముందే అది అందుకుంటుంది.

మీ రాయి సంగతి తేల్చుకోవడానికి ఒక రాయిని తీసి, పగడాలేవీ లేనిది చూసి, బకెట్‌లో కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళలో చిన్న పంపుతో మూడు రోజులు చీకట్లో పెట్టండి. ముందూ తర్వాతా ఫాస్ఫేట్ కొలవండి. 0.02 నుంచి 0.25కి పోయిందంటే దొంగ దొరికాడు. ఎవరో మూసేసిన ట్యాంకులోంచి చౌకగా వచ్చిన పాత రాళ్ళైతే ఈ పరీక్ష కొనకముందే చేయండి.

దొరికాక ఓపిక తప్ప వేరే దారి లేదు. జీఎఫ్‌ఓని డబ్బా మీద రాసినదాంట్లో సగంతో మొదలెట్టి, మూడు రోజులకోసారి కొలుస్తూ, వారంలో ఫాస్ఫేట్ సగానికి మించి పడకుండా దించండి. ఒక్కసారిగా లాగేస్తే పగడాలు ముడుచుకుపోతాయి, కొన్ని తిరిగి తెరుచుకోవు. నాకు నాలుగు నెలలు పట్టింది. రాయిలో ఖాతా ఖాళీ అయ్యేకొద్దీ గుళికలు మార్చే విరామం పెరుగుతుంది. పది రోజులకోసారి మార్చేవాణ్ణి నలభై రోజులకి వచ్చాను. డిపాజిట్ కరుగుతోందని తెలిసేది అలాగే.

రాళ్ళ మీద పేరుకున్న మడ్డి కూడా ఇలాంటిదే. పశువుల మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో వారానికి రెండుసార్లు రాళ్ళ సందుల్లోకి నీళ్ళు కొట్టి, లేచిన మడ్డిని ఫిల్టర్ సాక్స్‌లో (నీళ్ళు వడకట్టే గుడ్డ సంచి) పట్టండి. ఆ సాక్స్‌ని రెండు మూడు రోజులకోసారి ఉతకాలి. ఉతక్కపోతే మడ్డి అక్కడే కుళ్ళి నీళ్ళలో కలుస్తుంది. లైటు ఎనిమిది గంటలు చాలు, తెలుపు తగ్గించి నీలం ఉంచండి, తూర్పు కిటికీ ఎండ ట్యాంకు మీద పడనీయకండి. లైటు గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. నాచుకి లైటు కారణమని జనం అనుకునేంత నిజం కాదు.

ఉన్నదాన్ని తీయడం

తలుపులు మూయడం మొదలెట్టాకే గీకండి. గీకేటప్పుడు ట్యాంకులో గీకొద్దు. తెగిన ముక్కలు పక్క రాళ్ళ మీద మొలుస్తాయి. కదిలే రాయి అయితే బయటికి తీసి, ట్యాంకు నీళ్ళు పోసిన బకెట్‌లో గట్టి బ్రష్‌తో రుద్దండి. మన మందుల షాపుల్లో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతం ఉంటుంది, లేబుల్ చూసుకుని, దానికి సమానంగా ఆర్‌ఓ నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. రుద్దిన చోట పగడాలకి తగలకుండా సిరంజితో పూసి, రెండు మూడు నిమిషాలు నురగ రానిచ్చి, వేరే ఉప్పునీళ్ళలో కడిగి పెట్టేయండి. ఒకే రోజు అన్ని రాళ్ళూ కాదు, వారానికి మూడో వంతు.

కదలని రాయైతే ఒక చేత్తో పీకుతూ, రెండో చేత్తో అక్కడే సైఫన్ పైపు పట్టుకోండి.

జాగ్రత్త ఒకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జోయాంథిడ్లు, వాటి జాతివే అయిన పేలిథోవా ఉన్న రాళ్ళని రుద్దేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింట్లో పేలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. నాచు చావాలని రాయిని మరుగు నీళ్ళలో వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలే ఆసుపత్రిలో చేరిన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి.

గీకిన తర్వాత నత్తలని దింపండి. టర్బో, యాస్ట్రియా ఐదారుతో మొదలెడితే 200 లీటర్లకి చాలు. అవి నూగుని మేస్తాయి, రెండంగుళాల దారాలని ముట్టుకోవు. ముందు మనం గీకాలనేది అందుకే. లాన్‌మోవర్ బ్లెన్నీ అనే చేప పనిమంతురాలు. టాంగ్ చేప నాలుగు వందల లీటర్లు దాటిన ట్యాంకులకి. ఉప్పాడ బీచ్‌లో ఏరిన నత్తలు తెచ్చి వేయొద్దు. అవి నాచు తినేవో, సాటి నత్తల్ని తినేవో చూడగానే చెప్పలేం.

రోజూ కాస్త కాస్త బయటికి

మేత ఎంత తగ్గించినా కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి దారి కావాలి. స్కిమ్మర్‌ని కాస్త పల్చగా, లేత టీ రంగు నీళ్ళు వచ్చేలా పెట్టి, కప్పు మెడ రెండు రోజులకోసారి తుడవండి. సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టర్లుండే పెట్టె) చోటుంటే కీటోమార్ఫా అనే నాచుని పెంచండి. నాచుని నాచుతోనే కొట్టడం. దానికి రాత్రిపూట లైటు వేసి, పెరిగినప్పుడల్లా సగం కోసి పారేస్తే ఆ మేర నైట్రేటూ ఫాస్ఫేటూ బయటికి పోయినట్టే. కోయడం మానేస్తే ఉపయోగం లేదు.

ఇంకో దారి మన రైతులకి బాగా తెలిసిందే. చెరువులో అమోనియా పెరిగితే బాబాయ్ బెల్లం, ప్రోబయోటిక్ కలిపి పులియబెట్టి చల్లుతాడు. బెల్లంలో ఉన్న కార్బన్ తిని బాక్టీరియా పెరుగుతుంది, పెరగడానికి నీళ్ళలోని నైట్రోజన్‌ని లాక్కుంటుంది. రీఫ్‌లో వోడ్కా, వెనిగర్ వేసేవాళ్ళు చేసేది సరిగ్గా అదే. పెరిగిన బాక్టీరియాని స్కిమ్మర్ లాగేస్తుంది. నేను ఏ రంగూ వాసనా కలపని తెల్ల వెనిగర్ వాడతాను. వంద లీటర్లకి రోజుకి 1 మి.లీ.తో మొదలెట్టి, వారానికోసారి మాత్రమే అంతే పెంచుతూ, నైట్రేట్ దిగడం మొదలవగానే ఆగిపోవాలి. నీళ్ళు తెల్లగా మసకబారితే ఎక్కువైనట్టు. బెల్లం మాత్రం వేయకండి, నన్ను అడిగిన ప్రశ్న కాబట్టి చెబుతున్నా.

వెనిగర్ వేసే ఇంట్లో కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్‌పంప్ ఉండాలి. బాక్టీరియా ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున ఏరేటర్లు ఆగితే చెరువులో ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

చెరువు మందులేవీ ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. ముఖ్యంగా నాచుకని చేపల చెరువుల్లో వాడే మైలతుత్తం. అది రాగి. నత్తలు, రొయ్యలు, పగడాలు ఏవీ మిగలవు, రాళ్ళు దాన్ని పీల్చుకుని నెలల తరబడి వదులుతాయి.

మొండి రకాలు

సయనోకి: పీల్చేయండి, ఆ మూలకి ప్రవాహం పెంచండి, నైట్రేట్ సున్నాలో ఉంటే కాస్త పెరగనివ్వండి. అయినా పోకపోతే మూడు రోజులు లైటు ఆపి దుప్పటి కప్పండి, ఎయిర్‌పంప్ నడుస్తుండాలి, మేత దాదాపు మానేయాలి. నాలుగో రోజు చచ్చినదంతా పీల్చి 20 శాతం నీళ్ళు మార్చండి. ఎరిత్రోమైసిన్ వేస్తే ఇట్టే పోతుందని చెప్పేవాళ్ళుంటారు. పోతుంది కూడా. యాంటీబయాటిక్ జాడ దొరికి రొయ్యల సరుకు వెనక్కొచ్చిన ఊళ్ళలో ఉంటూ నేను ఆ సలహా ఇవ్వను.

డైనోలకి అంతా తలకిందులు. నీళ్ళు మార్చడం ఆపండి, జీఎఫ్‌ఓ తీసేయండి, వెనిగర్ ఆపండి. నైట్రేట్‌ని 5 నుంచి 10కి, ఫాస్ఫేట్‌ని 0.1 దగ్గరికి పెంచి అక్కడే పట్టుకోండి, మేత పెంచైనా సరే. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట రాళ్ళు వదిలి నీళ్ళలోకి లేస్తుంది కాబట్టి నీళ్ళలో తేలే క్రిముల్ని చంపే యూవీ లైటుకి దొరుకుతుంది. ఇసుకలో దాక్కునే ఇంకో డైనో రకం, యాంఫిడినియం, అలా దొరకదు, యూవీకి డబ్బు పెట్టకముందే ల్యాబ్‌కి వెళ్ళమన్నది ఇందుకే. నా ట్యాంకులో డైనోలు వచ్చింది ఫాస్ఫేట్‌ని సున్నాకి దించి మురిసిపోయిన రెండు వారాలకే.

బ్రయాప్సిస్‌కి ఫ్లూకోనజోల్ పనిచేస్తుంది, లీటరుకి 5 మిల్లీగ్రాములు. 200 లీటర్లకి ఒక గ్రాము. కార్బన్ ఫిల్టర్, యూవీ తీసేసి రెండు మూడు వారాలు ఉంచాలి. అది మనుషుల మందు, డాక్టర్ చీటీ మీద ఇచ్చేది. చివరి ప్రయత్నంగానే చూడండి. చచ్చిన నాచంతా మళ్ళీ నీళ్ళలోనే కరుగుతుంది కాబట్టి ముందు చేతనైనంత పీకేయాలి.

వెలోనియా బుడగల్ని నలపకుండా, మొదలు దగ్గర పట్టి మొత్తంగా ఊడదీయండి. ఎమరాల్డ్ పీత కొన్నింటిని తింటుంది. అన్ని పీతలూ తినవు.

ఎన్నాళ్ళు, ఏ వరసలో

మొదటి వారం కొలతలు, పేరు, మేత తూకం. రెండో వారం నుంచి నీళ్ళు, సాక్స్, సిరంజి. మూడో వారం గీకడం మొదలు. నత్తలు ఐదో వారం. జీఎఫ్‌ఓ, కీటోమార్ఫా, వెనిగర్‌లలో ఏదో ఒకటే, అదీ నెల తర్వాత. రెండు పనులు ఒకే వారం మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. ప్రతి చెరువు గట్టు షెడ్డులో ఓ పుస్తకం వేలాడుతుంటుంది చూశారా, తేదీ, మేత, కొలతలు రాసేది. అలాంటిది ట్యాంకు పక్కన ఒకటి పెట్టుకోండి. నాచు ఒక్కసారిగా మాయం కాదు. ముందు రంగు పాలిపోతుంది, పీకితే తేలిగ్గా వస్తుంది, గాజు తుడిచే విరామం రెండు రోజుల నుంచి ఐదు రోజులవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో కాస్త వెనక్కి వస్తుంది, కంగారు పడకండి. నీళ్ళు 30 డిగ్రీలు దాటితే నాచు జోరు పెరుగుతుంది, పగడాలు నీరసిస్తాయి. ఫ్యాన్ గాలికి నీళ్ళు ఆవిరై చల్లబడాలి కానీ, మన ఉక్కపోతలో ఆవిరి అంతంతమాత్రం. చిల్లర్ కొనలేకపోతే ఆ రెండు నెలలూ లైటు ఆరు గంటలకి తగ్గించి, పగటివేడి దాటాక సాయంత్రం వెలిగించండి. ఆవిరైన నీళ్ళ బదులు పోసేది ఉప్పులేని ఆర్‌ఓ నీళ్ళే.

మొన్న బాబాయ్ మళ్ళీ వచ్చాడు. రాళ్ళ మీద ఊదారంగు పట్టింది, పచ్చదనం ఓవర్‌ఫ్లో పెట్టె వెనక, నా చెయ్యి దూరని మూలలో కాస్త మిగిలింది. గాజుపళ్ళెం చూసి, "చెక్‌ట్రే పెట్టావన్నమాట" అన్నాడు. తర్వాత వంగి ఆ మూల చూసి, "అదేంట్రా అక్కడ?" అన్నాడు. ఈ ఆదివారం పొడుగు పట్టకారు కోసం తిరగాలి.